ఆంథోని సార్ ఆగిన మూడు నెలలు

దుమ్ముగూడెం దాటాక రోడ్డు పక్కన సిస్టర్లు నడిపే చిన్న దవాఖానా ఒకటుంది. అందులో ఇరవయ్యారేళ్లు మలేరియా స్లైడ్లు చదివిన మనిషి ఆంథోని. అందరం సార్ అనేవాళ్లం గాని ఆయన చదివింది ఎనిమిదో తరగతి. ఆయనది నేలకొండపల్లి దగ్గర పల్లెటూరు. కూలికి వచ్చిన మనిషిని సిస్టర్లు నీళ్లు మోయడానికి పెట్టుకున్నారు. కేరళ నుంచి వచ్చిన ఒక ముసలి సిస్టర్ ఒకరోజు ఆయన్ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి ఏం కనబడుతోందో చెప్పమందట. కనబడింది చెప్పాడు. కనబడనిది ఒక్కటీ ఊహించి చెప్పలేదు. అది చాలని ఆవిడ పని నేర్పింది.

అడవి ఊళ్ల నుంచి స్లైడ్లు తెచ్చేది బొజ్జయ్య. కోయవాళ్ల మనిషి, నలభై దాటినవాడు. జ్వరమొచ్చిన వాళ్ల వేలు పొడిచి, గాజు పలక మీద రక్తం పూసి, ఆరాక ఆ పూత మీదే పెన్సిలుతో పేరు గీసి, కాగితంలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని సైకిల్ మీద వచ్చేవాడు. వానాకాలంలో రోజుకు ముప్పై, ఒక్కోరోజు నలభై. ఆంథోని సార్‌కు ఒకటే పట్టింపు. వచ్చిన స్లైడ్లు వచ్చిన పూటే చదవాలి. ఎవరికి ఏ మాత్రలో రాసి, అదే పూట బొజ్జయ్య చేతికిచ్చి పంపాలి. స్లైడు రేపటికి ఆగుతుంది గాని జ్వరం ఆగదు గదా అనేవాడు. అలాగని తొందరపడేవాడూ కాదు. ఒక స్లైడులో వంద చోట్ల చూడందే మలేరియా పురుగు లేదని రాసేవాడు కాదు. లెక్క తప్పకుండా గురివింద గింజలు పెట్టుకునేవాడు. పది చోట్లు చూస్తే ఒక గింజ ఈ గిన్నెలో నుంచి ఆ గిన్నెలోకి. అంతసేపూ బొజ్జయ్య వరండాలో తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు.

నేను ఆయన దగ్గర చేరింది 2003లో. పాల్వంచలో డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేశాను. పెద్ద కారణమేమీ లేదు, క్లాసులో కూర్చోబుద్ధి కాలేదు. ఏ పనిలోనూ రెండు నెలలు నిలవకుండా తిరిగి తిరిగి, చివరికి భద్రాచలంలో ఆదినారాయణ గారనే డాక్టరు నర్సింగ్ హోంలో, ల్యాబ్‌లో సీసాలు కడిగే పనిలో చేరాను. అక్కడి ల్యాబ్ మనిషి మానేశాడు. కొత్తవాణ్ని వెతకడం కంటే ఉన్నవాడికి నేర్పించడం నయమనుకున్నాడేమో, డాక్టరు నన్ను రెండు నెలలు ఆంథోని సార్ దగ్గరికి పంపాడు.

సర్టిఫికెట్ నాకూ లేదు, ఆయనకూ లేదు. అందుకే కుదిరిందనుకుంటాను. రెండు నెలలైపోయాక కూడా ఆదివారాలు బస్సెక్కి పోయేవాణ్ని. ఇద్దరం ఒకే స్లైడు చూసి, వేరువేరు కాగితాల మీద రాసి, కలిపి చూసుకునేవాళ్లం. మొదట్లో పదిలో నాలుగు తప్పేవి నావి. ఏడాదికి ఒక్కటి. ఆయన భార్య సంపూర్ణమ్మ అన్నం పెట్టేది. నాకు మనసు పెట్టి కూర్చోబుద్ధయిన చోటు పుట్టాక అదొక్కటే.

2005 సంక్రాంతి పోయాక మా కాగితాలు కలవడం మానేశాయి. ఈసారి తప్పులు ఆయనవి. రెండు ఆదివారాలు చూసి నేనే అడిగాను, కళ్లు చూపించుకోమని. ఖమ్మంలో చూపిస్తే నీటికాసులు, అంటే గ్లాకోమా, అన్నారు. ఎడమకన్ను సగం పోయింది, కుడికన్నులో మొదలైంది. పోయింది ఎటూ రాదు, ఉన్నది నిలవాలంటే ఆలస్యం చెయ్యకుండా ఆపరేషన్ చేయించుకోవాలి, చేయించుకున్నాక కొన్నాళ్లు మైక్రోస్కోపు ముట్టకూడదు అన్నారు. సార్ జూన్ పదకొండుకు రాయించుకున్నాడు. వానలు మొదలయ్యే వేళకు తన కుర్చీలో ఇంకొకరుండాలి. ఆ ఇంకొకరు నేను.

దవాఖానా చూసుకునే పెద్ద సిస్టర్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లే కావాలంది. అప్పుడాయన నా ముందే అన్నాడు:

"ఈ కోటేశుకు సర్టిఫికెట్ నేనే అనుకోండ్రి సిస్టర్. తప్పు రాస్తే నన్నడుగుండ్రి."

ఆవిడ ఒప్పుకుంది. జీతం భద్రాచలంలో వచ్చేదానికంటే కొంచెమే ఎక్కువ, ఉండటానికి గది. జూన్ ఒకటి నుంచి వస్తానన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. నాకు నేనై, నవ్వుతూ చెప్పాను.

అప్పటికి మా డాక్టరుతో ఒక్క ముక్క అనలేదు. జీతం రోజున జీతం చేతిలో పడ్డాక చెప్పి వెళ్లిపోవడం మా దగ్గర మామూలే. ముందే చెబితే ఆ నెల జీతం కోసం తిరగాలని అందరికీ భయం. నేనూ అలాగే మూసిపెట్టాను. ఇక్కడ మూసిపెట్టి, అక్కడ మాత్రం అన్నీ జరగనిచ్చాను. మే ఆఖరి ఆదివారం బొజ్జయ్య వాళ్ల ఊరివాళ్లు ఒక కోడిని పంపారు, కొత్త ల్యాబ్ ఆయనకని. పండగకు దాచుకున్న పుంజు. సంపూర్ణమ్మ వండింది. పెద్ద సిస్టర్ కూడా వచ్చి మాతో కూర్చుంది. కార్జం ముక్క నా విస్తట్లో వేశారు. నేను సార్ విస్తట్లో వేయబోతే బొజ్జయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది నీదే. ఇగ మీదట మా రగతం నువ్వే గదా చూసుడు," అన్నాడు.

తిన్నాను. బాగుందని కూడా అన్నాను.

మే ముప్పై ఒకటిన ఓపీ అయిపోయాక డాక్టరు గదిలోకి పోయి, రేపటి నుంచి రానండీ అన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కూర్చోమన్నాడు. రెండేళ్లలో ఆ గదిలో నేను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఎక్కడికి, ఎంతకు అని అడిగాడు. చెప్పాను. ఫ్యాన్ వైపు చూసి నవ్వాడు.

"నిన్ను అక్కడికి పంపి నేర్పించింది నేనేరా. రెండు నెలలు జీతమిచ్చి మరీ పంపాను. గుర్తుందా?"

ఉందన్నాను. ఇప్పుడిచ్చేదాని మీద పదిహేను వందలు ఎక్కువిస్తానన్నాడు. ఖమ్మంలో ల్యాబ్ కోర్సుకు ఫీజు తానే కడతానన్నాడు, వారానికి మూడు రోజులు పోయిరమ్మన్నాడు. ఆ తరువాత మెల్లగా అసలు మాట అన్నాడు.

"ఆ ముసలాయన మాట మీద అక్కడ ఎన్నాళ్లుంటావు? పెద్ద సిస్టర్ మారిందనుకో, కాగితం చూపించమంటారు. అప్పుడేం చూపిస్తావు?"

రేపు పొద్దున్నే చెప్పమన్నాడు. రాత్రంతా ఆలోచించి నిర్ణయించుకున్నానని తరువాత ఒకరిద్దరితో చెప్పాను. అది అబద్ధం. ఆ గది గడప దాటకముందే ఒప్పేసుకున్నాను. డబ్బు ఒక్కటే అయితే కొంచెం తన్నుకునేవాణ్నేమో. కాగితం అన్నాడు. డిగ్రీ వదిలేసిన రోజు నుంచి మా లంబాడి తండాలో ప్రతివాడూ నన్నడుగుతున్నది దాని గురించే.

డాక్టరుకు సరే అని చెప్పడం సులువుగానే అయింది. ఆంథోని సార్‌కు రానని చెప్పాలి. సిస్టర్ల ఫోన్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అసలు బస్సెక్కి పోతే గంటన్నర దారి. పోలేదు. ఆయన మొహం చూస్తూ ఎంతకు ఆగిపోయానో చెప్పాలి గదా. నోట్‌బుక్కులో కాగితం చింపి రాశాను: సార్, మా అమ్మకు ఒంట్లో బాగలేదు, పాల్వంచలో చూపిస్తున్నాం, ఇప్పుడే రాలేను, క్షమించండి. అమ్మ ఆరోజు పత్తి విత్తనాల కోసం దుకాణం ముందు లైనులో నిలబడి ఉంది.

మా వైపు ఏదైనా పంపాలంటే బస్సు కండక్టరు చేతికి ఇస్తాం. కూరగాయల నుంచి పెళ్లి కార్డుల దాకా అంతే. జూన్ ఒకటి పొద్దున, నేను ఎక్కాల్సిన బస్సుకే ఎదురుపోయి, కండక్టరు బలరాంకు ఆ చీటీ ఇచ్చాను. మధ్యాహ్నం తిరుగు ట్రిప్పులో వచ్చి ఆయన చెప్పాడు. ఆంథోని సార్ స్టాపులో సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడట, నా పెట్టె మోయడానికి. బస్సులో నుంచి దిగినవాళ్ల మొహాలు ఒక్కొక్కటే దగ్గరికి పోయి చూశాడట. చీటీ ఇస్తే కళ్లకు ఆనించుకుని చూసి, అక్షరాలు కనబడక, నువ్వే చదువు తమ్మీ అన్నాడట. బలరాం బస్సు మెట్టు మీద నిలబడి గట్టిగా చదివాడు. బస్సులో అందరూ విన్నారు.

"ఏమన్నడు?" అన్నాను.

"ఏమంటడు. పాపం తల్లికి ఎట్లున్నదో అన్నడు. మళ్లొచ్చేటప్పుడు మా బస్సుకే ఎదురొచ్చి ఇగో ఇవి ఇచ్చిండు, మీ అమ్మకంట," అని బలరాం ఒక సంచి ఇచ్చాడు. మామిడిపళ్లు. సిస్టర్ల కాంపౌండులో చెట్టువి.

ఆ పళ్లు తండాకు పోలేదు. ల్యాబ్‌లో నేనూ నర్సులూ తిన్నాం. ఎవరిచ్చారని అడిగితే తెలిసినవాళ్లన్నాను.

జూన్ గడిచింది. సిస్టర్లు ఎవర్నో వెతుక్కుని ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. జులైలో ఒకరోజు బస్టాండులో బలరాం కనబడి, మీ అమ్మకు నయమైందా అని అడిగాడు. కొంచెం నయమన్నాను. జల్దీ పో మరి, అన్నాడు. సారు ఆపరేషన్ వాయిదా వేసుకున్నాడని, కోటేశు వచ్చేదాకా పోనంటున్నాడని, ఒంటి కన్నుతో స్లైడ్లు చూస్తున్నాడని చెప్పాడు. పొద్దున తెచ్చిన స్లైడ్లు పొద్దుగూకినా అయిపోక, బొజ్జయ్య రెండు రోజులకోసారి అక్కడే పడుకుంటున్నాడట.

ఆ రోజు నాకు తెలిసింది. తెలియదని ఎక్కడా చెప్పుకోలేను. ఒక పోస్టు కార్డు రాస్తే అయిపోయేది. రెండు ముక్కలు: నేను రాను, వేరేవాళ్లను చూసుకోండి. కాని అలా రాస్తే మొదటి చీటీ అబద్ధమని తేలుతుంది. అబద్ధం బయటపడుతుందన్న భయం ముందు ఆయన కన్ను నాకు ఎక్కువ అనిపించలేదు. ఇంతకంటే మెత్తగా దీన్ని రాయడం నాకు రావడం లేదు. వారానికి మూడు రోజులు ఖమ్మం పోయి వస్తూ, ఆ కోర్సులో నాకు ముందే వచ్చిన పాఠాలు మళ్లీ విన్నాను. మలేరియా పాఠం రోజున లెక్చరర్ అడిగినవాటికి నేనొక్కణ్నే చెప్పాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, నర్సింగ్ హోంలో అన్నాను.

ఆగస్టు చివర ఆంథోని సార్, సంపూర్ణమ్మ రెండు బస్సులు మారి మా తండాకు పోయారు. అమ్మను చూసి రావడానికి. మూడు నెలల నుంచి మంచాన ఉందనుకున్నారు గదా. మా అమ్మ పేరు కమ్లి. వాళ్లు పోయేసరికి పత్తి చేన్లో కలుపు తీస్తోంది. ఎవరో క్రిస్టియన్లు వచ్చారంటే కొడవలితోనే గట్టు మీదకు వచ్చింది. మర్నాడు పొద్దున్నే భద్రాచలం వచ్చి, నన్ను నర్సింగ్ హోం బయటికి పిలిచి, మా భాషలో అంతా చెప్పింది.

నీకు బాగలేదని విన్నాం అని ఆయన అంటే, నాకేం రోగం అంది అమ్మ. ఎవరు చెప్పారంటే ఆయన నా పేరు ఎత్తలేదట. సంపూర్ణమ్మ మాత్రం తెచ్చిన హార్లిక్స్ సీసాను మళ్లీ సంచిలో పెట్టేసుకుందట. సార్ అది తీయించి అమ్మ చేతికి ఇప్పించాడు. మీరు బాగున్నారు, అదే మంచిదమ్మా, అన్నాడు. పత్తి ఎట్లుందని అడిగాడు. అమ్మ జొన్నరొట్టెలు చేసి పెడితే తిన్నారు. పోయేటప్పుడు గట్టు దిగబోయి కాలువలో కాలు వేశాడు. అమ్మ పట్టుకుంది. అప్పుడర్థమైంది ఆమెకు, ఆయనకు కనబడదని. రోడ్డు దాకా చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయి, అసలు సంగతేంటని సంపూర్ణమ్మను అడిగి తెలుసుకుంది.

అంతా చెప్పి అమ్మ నా మొహంలోకి చూసింది.

"బతికున్న తల్లిని మంచాన పడేసినవ్. సరే, నేను నీ తల్లిని, పడుంట. ఆయన నీకేం జేసిండు?"

పోయి కాళ్లు పట్టుకో అంది. పోతానన్నాను. హార్లిక్స్ సీసా మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. ఒక్క చెంచా కూడా తీయలేదు దానిలో.

పోతానన్నవాణ్ని సెప్టెంబరులో పోలేదు, అక్టోబరులో పోలేదు. పరీక్షలన్నాను, డాక్టరు సెలవివ్వడన్నాను. ఈలోగా సిస్టర్లకు పాల్వంచ నుంచి స్తుతి అనే అమ్మాయి దొరికింది, సర్టిఫికెట్ ఉన్నమ్మాయి. వెతికిన రెండు నెలల్లో దొరికింది. నవంబరులో ఆంథోని సార్‌కు ఆపరేషన్ అయింది. జనవరిలో, ఇక అమ్మ నాతో మాట్లాడటం మానేస్తే, ఒక ఆదివారం బస్సెక్కాను.

కాంపౌండు లోపల వాళ్ల ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. నల్లద్దాలు. నమస్తే సార్ అన్నాను. తల కొంచెం పక్కకు తిప్పాడు.

"కోటేశువా? కూసో. గొంతు పట్టి చెప్తున్న, మొఖం తెలుస్తలేదు."

సంపూర్ణమ్మ గుమ్మంలోకి వచ్చి చూసి, లోపలికి పోయింది. కన్నెలా ఉందని అడిగాను. ఎడమది పోయిందన్నాడు. కుడిదానికి పిడికిలి గొట్టంలా చుట్టి ఆనించుకుని చూపించాడు. అంతే మిగిలింది, ఆ గొట్టంలో నుంచి చూస్తే ఎంత కనబడుతుందో అంత. జూన్‌లోనే చేయించుకుంటే ఎడమదానికి కూడా కొంచెం చూపు నిలిచేదని ఖమ్మం డాక్టరు అన్నాడట. ఇదంతా ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. తరువాత అడిగాడు, ఎంతకు ఆగినవ్ అని.

చెప్పాను. కోర్సు సంగతి కూడా చెప్పాను.

"మంచి జీతమే. కోర్సు గూడ అంటున్నవ్. నీ వయసుల నాకెవలన్న గట్ల ఇస్తే నేను గూడ ఉరికేటోణ్ని," అన్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మళ్లీ అన్నాడు:

"రానని రాస్తే అయిపోతుండె గదా కోటేశు. ఆ పూటే సిస్టర్‌కు చెప్పి ఇంకొకల్ని దేవులాడుకుందుము. తల్లికి బాగలేదంటివి. తల్లి మంచాన ఉన్నోని కొలువు ఇంకొకనికి ఎట్ల ఇస్తం? అందుకే ఆగిన."

బస్సులో వచ్చేటప్పుడు దారంతా ఏవో మాటలు కూర్చుకున్నాను. కాళ్లు పట్టుకోవాలని అమ్మ చెప్పింది, చేయలేదు. తప్పయింది సార్ అని మాత్రమే అన్నాను, అదీ ఆయనకు వినబడేంత గట్టిగా అన్నానో లేదో. ఆయన స్తుతి పని బాగా చేస్తోందని, ఆమె గింజలు వాడదని, వేలితో నొక్కితే లెక్కపెట్టే మిషను తెచ్చుకుందని చెప్పాడు. తిని పొమ్మన్నాడు. బస్సుకు టైమైందని లేచాను.

గేటు దగ్గరికి సంపూర్ణమ్మ వెనకాలే వచ్చింది. తిడుతుందని నిలబడ్డాను. తిడితే బాగుండు.

"ఆయన నిన్ను ఏమనడు. నువ్వొస్తే సంబురపడతడు గూడ," అంది. "నాతోని కాదయ్యా. చెంబు యాడున్నదో పొద్దుకు పదిసార్లు చేతికిచ్చేది నేను. ఇంక రాకు."

సరేనమ్మా అన్నాను.

నా డాక్టరు చెప్పినవన్నీ చేశాడు. జీతం పెంచాడు, ఫీజు కట్టాడు. పోయినేడు సర్టిఫికెట్ వచ్చింది, ల్యాబ్‌లో అద్దం కట్టించి పెట్టాడు. మాట తప్పినవాణ్ని ఈ మొత్తంలో నేనొక్కణ్నే. సంపూర్ణమ్మకు ఇచ్చిన మాట మాత్రం మూడేళ్లుగా నిలబెట్టుకుంటున్నాను. పోకుండా ఉండటం నాకు హాయి గనక.

పోయిన వారం బొజ్జయ్య తన కోడల్ని మా నర్సింగ్ హోంలో చూపించడానికి తెచ్చాడు. రిపోర్టు తీసుకుని పోబోతూ, సారు నిన్ను అడుగుతుండు అన్నాడు, కోటేశు ఎందుకు వస్తలేడని.

"ఏం చెప్పాలె?"

ఇక్కడ పని ఎక్కువగా ఉందని చెప్పమన్నాను.

"అట్లనే. పని తీరినంక వస్తడని చెప్త," అని బొజ్జయ్య రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మెట్లు దిగి, గేటు దాటి, బస్టాండు వైపు తిరిగాడు. వెనక్కి పిలవడానికి చాలా టైముంది. పిలవలేదు.